నెత్తురు నడిచే దారి కనుగొన్న విలియం హార్వే

1628వ సంవత్సరంలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో లాటిన్ భాషలో ఒక చిన్న పుస్తకం వెలువడింది. పుటలు 72. కాగితం నాసిరకం, అచ్చుతప్పులు కోకొల్లలు. రచయిత విలియం హార్వే ఇంగ్లండు రాజు ఒకటవ చార్లెస్ ఆస్థాన వైద్యుడు. అప్పటికి ఆయన వయసు యాభై ఏళ్లు. జంతువుల దేహంలో హృదయమూ రక్తమూ ఏ విధంగా కదులుతాయన్నదే ఆ గ్రంథ విషయం. నేడు బడిపిల్లలు పరీక్షలో రెండు మార్కులకు రాసే సమాధానమే అది. అయినా ఆయన దానిని తొమ్మిదేళ్లకు పైగా తోటి వైద్యుల ఎదుట నిరూపిస్తూ వచ్చి, ఆ తరువాతే అచ్చుకిచ్చారు. ఇది చదివి లోకమంతా తనకు శత్రువవుతుందేమోనన్న భయాన్ని ఆ పుస్తకంలోనే వ్యక్తం చేశారు.

ఆ భయానికి తగిన కారణమే ఉంది. ఆనాటి ఐరోపా వైద్యశాస్త్రం గాలెన్ అనే గ్రీకు వైద్యుని బోధల మీద నిలిచి ఉండేది. గాలెన్ క్రీస్తుశకం రెండవ శతాబ్దికి చెందినవారు. కత్తియుద్ధపు మల్లుల గాయాలకు చికిత్స చేస్తూ పేరు తెచ్చుకొని రోమన్ చక్రవర్తులకు వైద్యులైన ప్రతిభాశాలి. ధమనులలో గాలి మాత్రమే ఉంటుందన్న అంతకు పూర్వపు నమ్మకాన్ని ప్రయోగం చేసి తోసిపుచ్చిన ఘనత ఆయనదే. కనుక గాలెన్‌ను అజ్ఞానిగా చిత్రించడం న్యాయం కాదు. కాని మొత్తం రక్తం నడక గురించి ఆయన చెప్పింది మాత్రం వాస్తవానికి చాలా దూరం. తిన్న ఆహారం కాలేయంలో రక్తంగా మారుతుందనీ, అక్కడి నుండి సిరల ద్వారా అన్ని అవయవాలకు చేరుతుందనీ, అవయవాలు దానిని పూర్తిగా పీల్చుకుంటాయనీ ఆయన సిద్ధాంతం. చెరువు తూము ఎత్తితే నీరు కాలువల వెంట మడులకు చేరి నేలలో ఇంకిపోతుంది, తిరిగి చెరువుకు రాదు. గాలెన్ దృష్టిలో కాలేయం చెరువు, సిరలు కాలువలు, కండ మడి. కొంత రక్తం మాత్రం గుండె కుడిభాగం నుండి మధ్యగోడలోని కంటికి కనబడని రంధ్రాల గుండా ఎడమభాగానికి ఊరుతుందనీ, అక్కడ ఊపిరితో కలిసి ప్రాణశక్తిని పొంది ధమనులలోకి వెళుతుందనీ ఆయన చెప్పారు.

ఆ గోడలో రంధ్రాలు లేవు. ఈ సంగతిని పదమూడవ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు కైరో నగరంలో ఉండగా రాశారు. కుడివైపు రక్తం ఊపిరితిత్తుల మీదుగా తిరిగి ఎడమవైపునకు చేరుతుందని కూడా ఆయన చెప్పారు. ఆ వ్రాతప్రతి 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో ఒక ఈజిప్టు వైద్యుని కంటబడేవరకు ఆయన మాట మరుగునే ఉండిపోయింది. ఐరోపాలో ఇదే విషయం రాసిన మైకేల్ సెర్వెటస్‌ను 1553లో జెనీవాలో సజీవదహనం చేశారు. అది ఆయన మతాభిప్రాయాలకు విధించిన శిక్షే గాని, సాంప్రదాయాన్ని కాదన్నవారికి ఆ కాలం ఎటువంటిదో తెలుపుతుంది. ఇటలీలో కొలంబో అనే శరీరశాస్త్రజ్ఞుని గ్రంథం 1559లో వచ్చింది. అందులోనూ రక్తం ఊపిరితిత్తుల గుండా సాగే మార్గం ఉంది. ఇలా దారిలో కొంత భాగం తెలిసినవారు ఉన్నారు. మొత్తం దారిని చూపినవారు లేరు.

హార్వే 1578 ఏప్రిల్ 1న ఇంగ్లండు ఆగ్నేయ తీరాన, కెంట్ మండలంలోని ఫోక్‌స్టోన్ అనే చిన్న రేవుపట్టణంలో జన్మించారు. తండ్రి థామస్ వ్యవసాయ కుటుంబీకుడు. వర్తకంలో రాణించి ఆ పట్టణానికి మేయరు అయ్యాడు. తల్లి జోన్. తొమ్మండుగురు సంతానంలో విలియం పెద్దవాడు. తమ్ముళ్లలో పలువురు లండనులో వ్యాపారులై బాగా గడించారు. పెద్దన్న మాత్రం చదువు దారి పట్టాడు. కాంటర్‌బరీలో పాఠశాల విద్య ముగించి, 1593లో కేంబ్రిడ్జిలో చేరి, 1597లో పట్టం పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో వైద్యం నిజంగా నేర్చుకోదలచినవారు ఇటలీకి వెళ్లేవారు. హార్వే కూడా పాడువా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. గెలీలియో అప్పుడు అక్కడే గణితం బోధిస్తున్నారు.

పాడువాలో హార్వే గురువు ఫాబ్రిషియస్. శవపరీక్షను విద్యార్థులందరూ చూడడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక మండపం ఉండేది. నడుమ బల్ల, చుట్టూ బావి ఒరల వలె ఒకదానిపై ఒకటిగా లేచిన వరుసలు. విద్యార్థులు కటకటాలను ఆనుకొని నిలబడి కిందికి చూసేవారు. ఆ మండపం నేటికీ ఉంది. సిరల లోపలి గోడకు చిన్న చిన్న తలుపుల వంటి పొరలు ఉన్నాయని ఫాబ్రిషియస్ ఆ బల్ల మీద చూపించి, 1603లో బొమ్మలతో సహా పుస్తకం వేశారు. వీటినే కవాటాలు అంటాము. అయితే గురువు వాటి పనిని పొరబాటుగా అర్థం చేసుకున్నారు. పైనుండి వచ్చే రక్తం కాళ్లలో, చేతులలో ఒక్కసారిగా నిండిపోకుండా వేగం తగ్గించే అడ్డుకట్టలుగా ఆయన వాటిని భావించారు. గాలెన్ చెప్పినట్లు రక్తం లోపలి నుండి బయటికే పోవాలి కదా! కంటి ఎదుట ఉన్నదాన్ని కూడా నేర్చిన పాఠానికి అనుగుణంగానే చూశారు. చాలా ఏళ్ల తరువాత వృద్ధుడైన హార్వేను రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త కలిసి, ఈ ఆలోచన తొలుత ఎలా కలిగిందని అడిగారు. సిరల కవాటాలు అన్నీ గుండె వైపే తెరుచుకోవడం చూసి కలిగిందని హార్వే బదులిచ్చారు.

1602 ఏప్రిల్‌లో పట్టభద్రులై స్వదేశం చేరిన హార్వే, 1604లో ఎలిజబెత్ బ్రౌన్‌ను వివాహమాడారు. ఆమె తండ్రి రాణీగారి వైద్యులలో ఒకరు. ఈ దంపతులకు సంతానం లేదు. ఆమె ఒక చిలుకను ఎంతో గారాబంగా పెంచేది. అది మాటలు నేర్చినందున మగదే అయివుంటుందని హార్వే తలచారు. అది చనిపోయాక కోసి చూస్తే లోపల గుడ్డు కనిపించింది! ఈ ముచ్చటను ఆయన తన మరో గ్రంథంలో దాచకుండా రాశారు.

1609లో లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యునిగా నియమితులయ్యారు. అది పేదల ఆసుపత్రి. 1615లో వైద్యుల కళాశాలలో శరీరశాస్త్ర ఉపన్యాసకులయ్యారు. మరుసటి ఏడాది మొదలైన ఆ ఉపన్యాసాలకు ఆయన స్వహస్తంతో రాసుకొన్న గమనికలు నేటికీ లండనులో భద్రంగా ఉన్నాయి. మొదట జేమ్స్ రాజుకు, ఆ తరువాత చార్లెస్ రాజుకు వైద్యులయ్యారు. పగలు రోగులు, రాచకొలువు; మిగిలిన వేళల్లో ఇంటి వద్ద పాములు, కప్పలు, చేపలు, కుక్కలు, పందులు. సజీవ జంతువుల గుండెను తెరచి చూసే ఆ పద్ధతి నేటి మనసుకు కఠోరంగా తోచక మానదు. మత్తుమందు ఆనాడు లేదు.

వెచ్చని రక్తం గల జంతువుల గుండె మరీ వేగంగా కొట్టుకొంటుంది. ఎప్పుడు ముడుచుకున్నదో, ఎప్పుడు వ్యాకోచించిందో కన్ను పట్టుకోలేదు. హార్వేకు తొలిరోజుల్లో ఇది ఎంతటి నిస్పృహ కలిగించిందంటే, గుండె చలనం దేవునికి తప్ప అన్యులకు తెలియదనే అనుకున్నారు. పాము, కప్ప, చేప వంటి చల్లని జీవుల గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. ప్రాణం పోయే వేళ కుక్క గుండె కూడా నెమ్మదిస్తుంది. వాటిని పరిశీలించగా గుండె పని ముడుచుకోవడంలోనే ఉందని తేటతెల్లమయింది. గుండె కండరం ముడుచుకొని రక్తాన్ని బయటికి నెడుతుంది. ఆ నెట్టుడుకు ధమని ఉబ్బుతుంది. ఆ ఉబ్బునే మణికట్టు వద్ద వేలికి తగిలే నాడి అంటాము. బ్రతికి ఉన్న పాములో ఆయన ఒక ప్రయోగం చేశారు. గుండెలోకి వచ్చే సిరను చిమటాతో నొక్కిపట్టగా, గుండె పాలిపోయి చిన్నదయింది. దానిని వదిలి గుండె నుండి పోయే ధమనిని నొక్కగా, గుండె ఉబ్బి ఊదారంగుకు తిరిగి పగిలేటట్లయింది. రక్తం ఎటు నుండి వస్తున్నదో, ఎటు పోతున్నదో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

ఇక ఆయన వేసిన లెక్క చూడండి. ఐదో తరగతి గుణకారం వచ్చినవారికి అర్థమయ్యే లెక్క ఇది. మనిషి గుండె ఎడమ జఠరికలో అరవై గ్రాములకు అటూ ఇటూగా రక్తం పడుతుందని శవపరీక్షలో కొలిచారు. ఒక్కో దెబ్బకు అందులో ఎంత బయటికి పోతుంది? వాదానికి బలం చేకూర్చాలని ఎక్కువగా వేసుకోలేదు. కావాలనే తగ్గించి, నాలుగోవంతు మాత్రమే అనుకుందామన్నారు. అంటే సుమారు 15 గ్రాములు. అరగంటలో గుండె కనీసం వెయ్యిసార్లు కొట్టుకుంటుంది. వెయ్యిని పదిహేనుతో హెచ్చవేస్తే 15 కిలోలు! అరగంటలో గుండె బయటికి నెట్టే రక్తం పదిహేను కిలోలైతే, కాలేయం అంత రక్తాన్ని ఎక్కడి నుండి తయారుచేస్తుంది? మనిషి దినమంతా తినే తిండీ తాగే నీరూ కలిపినా అంత తూగవు. గొర్రెను కోసి నెత్తురంతా పట్టినా అంత రాదు. కనుక ఎప్పటికప్పుడు కొత్త రక్తం పుట్టి ఇంకిపోతున్నదన్న మాట అసంభవం. ఉన్న రక్తమే మళ్లీ మళ్లీ తిరిగి వస్తూ ఉండాలి. చెరువు, మడి పోలిక అక్కడితో చెల్లిపోయింది.

నిజానికి హార్వే అంకె చాలా తక్కువ. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని నెడుతుంది. నిమిషానికి 72 దెబ్బలకు అది సుమారు 5 లీటర్లు. దేహంలో ఉన్న మొత్తం రక్తమూ సుమారు అంతే. అనగా నిమిషానికి దాదాపు ఒకసారి నెత్తురంతా గుండెను దాటిపోతున్నది. అంకె తప్పినా తర్కం తప్పలేదు. తనకు ప్రతికూలంగా లెక్క వేసుకొని కూడా నెగ్గడమే ఆ వాదంలోని బలం.

మరొక నిరూపణకు జంతువు కూడా అవసరం లేదు. సన్నగా, చేతులపై రక్తనాళాలు ఉబ్బి కనబడే మనిషి ఒకరుంటే చాలు. హార్వే పుస్తకంలోని బొమ్మలన్నీ ఈ నిరూపణకు సంబంధించినవే. మోచేతికి పైన గుడ్డను గట్టిగా బిగించి కడితే మణికట్టు వద్ద నాడి ఆగిపోతుంది, కొంతసేపటికి చేయి చల్లబడుతుంది, కాని ఉబ్బదు. కట్టును కాస్త వదులు చేస్తే నాడి తిరిగి వస్తుంది, చేయి ఎర్రబడి ఉబ్బుతుంది, కట్టుకు కింద నాళాలు తాళ్లవలె లేస్తాయి. కారణం సులభం. ధమనులు లోతుగా ఉంటాయి. గట్టి కట్టు వాటిని కూడా మూసివేస్తుంది. వదులు కట్టు పైపైన ఉన్న సిరలను మాత్రమే మూస్తుంది. ధమని ద్వారా రక్తం చేతిలోకి వస్తూనే ఉంది, సిర ద్వారా తిరిగి వెళ్లే దారి మాత్రం మూసుకుపోయింది. ఆ ఉబ్బిన సిరను ఒక వేలితో నొక్కి ఉంచి, మరో వేలితో రక్తాన్ని భుజం వైపు తోస్తే ఆ ముక్క ఖాళీ అవుతుంది. పైనుండి కిందికి రక్తాన్ని తోయబోతే కవాటం వద్ద ముడి కట్టినట్లు ఆగిపోతుంది. కింది వేలు తీయగానే తిరిగి నిండుతుంది. ఆరోగ్య కేంద్రంలో రక్తం తీసేటప్పుడు నర్సమ్మ మోచేతి పైన రబ్బరు గొట్టం కట్టి పిడికిలి బిగించమనేది ఈ సూత్రం మీదనే.

పాము కాటుకు తాడు బిగించి కట్టే అలవాటు ఉన్న పల్లెలవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. గట్టి కట్టు ధమనిని మూసివేస్తుందని, చేయి చల్లబడుతుందని హార్వే నాలుగు వందల ఏళ్ల క్రితమే చూపారు. ఆ కట్టు గంటల తరబడి ఉంటే రక్తం అందక కండ చచ్చిపోతుంది. కాలో చేయో తీసివేయవలసి వస్తుంది. అందువల్లనే వైద్యులు నేడు తాడు కట్టవద్దని, కోయవద్దని, కాటు పడిన అవయవాన్ని విరిగిన ఎముకకు చేసినట్లు కదలకుండా ఉంచి వెంటనే విషవిరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చమని చెబుతున్నారు.

ఈ రెండు రకాల నాళాల పేర్లు పిల్లలను తికమక పెడతాయి. తెలుగు పుస్తకంలో ధమని, సిర. తమిళంలో చదివేవారికి తమని, సిరై అని దగ్గరగానే ఉంటాయి. కన్నడ పుస్తకంలో అవే అపధమని, అభిధమని. మరాఠీలో రోహిణి, నీల. ఇంట్లోనేమో ఇవన్నీ కలిపి నరాలే! పేరు ఏదైనా గుర్తు ఒకటే: గుండె నుండి రక్తాన్ని తీసుకుపోయేది ధమని, గుండెకు తీసుకువచ్చేది సిర. మంచి రక్తం, చెడు రక్తం అని గుర్తుపెట్టుకుంటే ఊపిరితిత్తుల వద్ద బోల్తా పడతారు. ఎందుకంటే గుండె నుండి ఊపిరితిత్తులకు పోయే ధమనిలో ప్రాణవాయువు తక్కువగల రక్తమే ఉంటుంది.

ధమని గోడ మందం. మూడు పొరలు, నడిమి పొరలో కండరమూ సాగే తంతువులూ ఉంటాయి. గుండె నుండి బయలుదేరే బృహద్ధమని వ్యాసం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. గుండె నెట్టినప్పుడు అది రబ్బరులా సాగి, గుండె విశ్రమించినప్పుడు తిరిగి ముడుచుకుంటుంది. అందుచేత దెబ్బకూ దెబ్బకూ నడుమ కూడా రక్తం ఆగకుండా సాగుతుంది. రక్తపోటు కొలిచినప్పుడు 120 బై 80 అంటారే, మొదటి అంకె గుండె నెట్టినప్పటి ఒత్తిడి, రెండవది విశ్రమించినప్పటిది. సిర గోడలో కూడా మూడు పొరలే గాని పలుచన, ఒత్తిడి స్వల్పం. దేహంలోని రక్తంలో సగానికి పైగా ఎప్పుడూ సిరలలోనే ఉంటుంది. పాదాల నుండి గుండె దాకా రక్తం పైకి ఎక్కవలసి ఉండగా దానిని నెట్టేవి పిక్కల కండరాలు, జారకుండా పట్టేవి కవాటాలు. ఆ కవాటాలు చెడితే కాళ్ల మీద సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. గంటల తరబడి నిలబడి పనిచేసేవారిలో ఈ బాధ తరచుగా కనబడుతుంది.

పుస్తకం వెలువడిన తరువాత హార్వే భయపడినంతా కాకపోయినా చాలావరకు జరిగింది. ఆయన బుద్ధి చలించిందని జనం అనుకున్నారనీ, రోగుల రాక బాగా తగ్గిపోయిందనీ ఆయనను ఎరిగిన జాన్ ఆబ్రే అనే రచయిత నమోదు చేశారు. 1630లోనే జేమ్స్ ప్రిమ్‌రోజ్ అనే వైద్యుడు ఖండనగ్రంథం రాశాడు. పారిస్ నగరపు ప్రఖ్యాత శరీరశాస్త్రజ్ఞుడు రియోలాన్ ఎంతకూ ఒప్పుకోలేదు. ఫ్రాన్సు తత్వవేత్త డేకార్ట్ 1637లో రక్తప్రసరణను సమర్థించినా, గుండె పనిచేసే తీరు విషయంలో విభేదించాడు. హార్వే స్వభావతః కోపిష్ఠి అయినా ఈ విమర్శలకు చాలాకాలం మౌనమే వహించారు. రియోలాన్‌కు సమాధానం ప్రకటించింది 1649లో, అంటే 21 ఏళ్ల తరువాత.

ఈ లోగా కొలువు పనులు ఆయనను రకరకాల చోట్లకు తిప్పాయి. 1634లో లాంకషైర్ మండలంలో కొందరు స్త్రీలపై మంత్రగత్తెలన్న నేరం మోపారు. ఒక బాలుని సాక్ష్యమే దానికి ఆధారం. వారిలో నలుగురిని లండనుకు రప్పించి, దయ్యపు గుర్తులున్నాయేమో చూడమని రాజు ఆదేశించాడు. హార్వే పర్యవేక్షణలో శస్త్రవైద్యులూ మంత్రసానులూ పరీక్షించి, అసహజమైనదేదీ లేదని నివేదించారు. తాను చెప్పినదంతా కల్పన అని ఆ బాలుడు కూడా తరువాత ఒప్పుకున్నాడు. గుండెను వెదికినట్లే ఇక్కడా వెదికారు. లేనిది లేదనే రాశారు.

మరోమారు ఐర్లండు ప్రభువు ఒకరి కుమారుని చూడడానికి రాజు ఆయనను పంపాడు. ఆ యువకునికి చిన్నతనంలో పడి పక్కటెముకలు విరిగి చీముపట్టగా, ఎడమ రొమ్ములో పెద్ద రంధ్రం మిగిలిపోయింది. లోహపు రేకు కప్పుకొని ఆరోగ్యంగానే తిరిగేవాడు. రేకు తీస్తే లోపల కొట్టుకుంటున్న గుండె కనిపించేది. హార్వే అతడిని రాజు వద్దకు తీసుకువెళ్లగా, రాజు స్వయంగా వేలితో ఆ గుండెను తాకి చూశాడు. కళ్లతో చూస్తే తప్ప తాకిన సంగతి ఆ యువకునికి తెలియనే లేదు. దేహమంతటికీ స్పర్శను పోషించే గుండెకు స్వయంగా స్పర్శజ్ఞానం లేదని హార్వే రాసుకున్నారు.

1642లో రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం వచ్చింది. అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ వద్ద యుద్ధం జరుగుతుండగా పన్నెండేళ్ల, తొమ్మిదేళ్ల రాకుమారులను హార్వే సంరక్షణలో ఉంచారు. ఆయన వారిద్దరితో ఒక కంచె కింద కూర్చొని జేబులోంచి పుస్తకం తీసి చదువుకుంటుండగా, పక్కనే ఫిరంగి గుండు పడిందట. అప్పుడు లేచి స్థలం మార్చుకున్నారు. ఆ ఏడాదే లండనులో ఆయన బసను సైనికులు దోచుకున్నారు. సామాను పోయినందుకు ఆయన చింతించలేదు. కాని కీటకాల పుట్టుకపై ఏళ్ల తరబడి రాసుకొన్న గమనికలు, శవపరీక్షల పత్రాలు సర్వనాశనమయ్యాయి. జీవితంలో తనకు కలిగిన దుఃఖాలన్నింటిలోకీ అదే పెద్దదని ఆయన చెప్పుకునేవారు. మరుసటి సంవత్సరం ఆసుపత్రి పదవి కూడా పోయింది. భార్య ఆ కల్లోలపు ఏళ్లలోనే కన్నుమూసింది. 1649లో చార్లెస్ రాజు శిరచ్ఛేదం జరిగింది.

డెబ్బై దాటిన హార్వే తమ్ముళ్ల ఇళ్లలో తలదాచుకున్నారు. లండనులో కాఫీ దుకాణాలు ప్రబలక ముందే ఆయనా తమ్ముడు ఎలియాబూ కాఫీకి అలవాటుపడ్డారు. కీళ్లవాతం బాధిస్తే చలికాలంలో సైతం మేడ మీద కూర్చొని చల్లని నీటిలో కాళ్లు పెట్టుకొని, మొద్దుబారాక పొయ్యి వద్దకు వెళ్లేవారట. గుడ్డు నుండి పిల్ల ఎలా రూపొందుతుందో వివరించే రెండవ మహాగ్రంథం 1651లో వెలువడింది. అప్పటికి రక్తప్రసరణ సిద్ధాంతాన్ని ఐరోపా విశ్వవిద్యాలయాలు అనేకం అంగీకరించాయి. వైద్యుల కళాశాలకు ఆయన గ్రంథాలయం కట్టించి ఇచ్చారు. 1654లో అధ్యక్ష పదవి ఇవ్వజూపితే వయసు మీరిందని వద్దన్నారు. ఆ గ్రంథాలయం 1666లో లండను మహాగ్నిప్రమాదంలో బూడిదయింది.

1657 జూన్ 3వ తేదీ ఉదయం నిద్ర లేచేసరికి ఆయనకు మాట పడిపోయింది. మెదడులోని రక్తనాళానికి కలిగే ఉపద్రవం అది. పక్షవాతం అని మనం అనేది. స్థితి గ్రహించి, తమ్ముల పిల్లలను పిలిపించి, సైగలతోనే తన గడియారాన్ని ఒకరికి, మిగిలిన గుర్తులను ఇతరులకు పంచి ఇచ్చారు. నాలుక మీద గాటు పెట్టి రక్తం తీయమని మందులవానికి సైగ చేశారని ఆబ్రే రాశారు. గాలెన్ సిద్ధాంతాన్ని కూల్చిన వైద్యుడు, రక్తం తీసి జబ్బు తగ్గించవచ్చన్న గాలెన్ నాటి చికిత్సను మాత్రం చివరిదాకా విడువలేదు. అది వారికి మేలు చేయలేదు. ఆ రాత్రికి మరణించారు. ఎసెక్స్ మండలంలోని హెంప్‌స్టెడ్ గ్రామ చర్చిలో కుటుంబ సమాధిగృహంలో ఉంచారు. దేహాన్ని పెట్టె లేకుండా సీసపు రేకులో చుట్టారు. ఆ రేకు శిథిలం కాగా 1883లో వైద్యుల కళాశాలవారు పాలరాతి పేటిక చేయించి అందులోకి మార్చారు.

హార్వే సిద్ధాంతంలో ఒక ఖాళీ మిగిలిపోయింది. ధమనుల చివర నుండి రక్తం సిరల మొదలుకు ఏ మార్గాన చేరుతుంది? చేరక తప్పదని లెక్క చెబుతున్నది. దారి కంటికి కనబడదు. ఆయన వద్ద ఉన్నది చేతిలో పట్టుకొనే భూతద్దం మాత్రమే. కండలోని సందుల గుండా ఇంకి చేరుతుందేమోనని ఊహించారు. గాలెన్ కనబడని రంధ్రాలను నమ్మాడని తప్పుపట్టిన వ్యక్తి కనబడని మార్గాన్ని నమ్మమంటున్నాడే అని ప్రత్యర్థులు ఎత్తిపొడవడానికి ఇది అవకాశమిచ్చింది. తేడా మాత్రం పెద్దదే. గాలెన్ రంధ్రాలకు ఆధారమేదీ లేదు. హార్వే మార్గం ఉండితీరాలని గుండె ప్రతి దెబ్బా చెబుతున్నది.

హార్వే పుస్తకం వెలువడిన 1628లోనే ఇటలీలోని బొలోనా సమీపాన మార్సెల్లో మాల్పీగీ జన్మించారు. సూక్ష్మదర్శినిని చేపట్టి 1661లో కప్ప ఊపిరితిత్తులను పరిశీలించారు. రక్తం ఎక్కడా బయటికి ఒలకకుండా, వెంట్రుక కన్నా ఎంతో సన్నని నాళాల వల గుండా ధమని నుండి సిరకు పోవడం ఆయనకు కనిపించింది. అవే కేశనాళికలు. వాటి గోడ ఒకే ఒక కణం మందం. వెడల్పు మిల్లీమీటరులో నూరోవంతుకు మించదు. ఎర్రరక్తకణాలు ఒకదాని వెనుక ఒకటిగా, కొన్నిచోట్ల ఒంగి దూరుతూ పోవలసిందే. ప్రాణవాయువు కండకు చేరేదీ, కండలోని బొగ్గుపులుసు వాయువు రక్తంలోకి వచ్చేదీ ఆ పలుచని గోడ గుండానే. మాల్పీగీ తాను చూసినదాన్ని రెండు లేఖలుగా ప్రచురించే నాటికి హార్వే మరణించి నాలుగేళ్లయింది.